తిరుపతి నుంచి చెన్నై కెథడ్రల్ కచేరీకి: నలుగురు కలిసి వెళ్లాలంటే ఏది ముందు, ఏది వెనక

డిసెంబరు వస్తే చెన్నైలో రెండు రకాల సంగీతం ఒకేసారి మొదలవుతుంది. సభల్లో మార్గళి కర్ణాటక సంగీత కచేరీలు, చర్చిల్లో క్వయర్ (బృందగాన) కచేరీలు. మార్గళి కచేరీలకు తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్లేవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. కెథడ్రల్లో, అంటే బిషప్పు ఉండే పెద్ద చర్చిలో, క్వయర్ వినాలని ఉండి కూడా ఆగిపోయేవాళ్లు మాత్రం చాలామంది. వాళ్లను ఆపేది దూరం కాదు. చెన్నై మనకు సుమారు 150 కిలోమీటర్లే. రాత్రి తొమ్మిదింటికి కచేరీ అయిపోతే ఇల్లెలా చేరాలన్నదే అసలు దిగులు. ఒక్కరే వెళ్లాలంటే ఆ దిగులు పెద్దది. ఐదారుగురు కలిస్తే సగం తగ్గుతుంది. పని వరుస సరిగ్గా పెట్టుకుంటే మిగతా సగం కూడా పోతుంది.

ఆ వరుస గురించే ఈ మార్గదర్శి. ఇందులో ఒక్క మాట గుర్తుంచుకున్నా చాలు: కచేరీ టికెట్టు కంటే ముందు తిరుగు ప్రయాణం తేల్చుకోవాలి.

మొదట తిరుగు ప్రయాణం

తిరుపతి, చెన్నైల మధ్య పగటి రైళ్ల వేళలు కొండకు వచ్చే భక్తులకు సరిపోయేలా ఉంటాయి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ పొద్దున ఆరున్నర ప్రాంతంలో చెన్నై సెంట్రల్‌లో బయలుదేరి పది గంటల లోపు తిరుపతి చేరుతుంది, సాయంత్రం తిరిగి వెళ్తుంది. గరుడాద్రి ఇందుకు ఎదురు: పొద్దున్నే తిరుపతిలో బయలుదేరుతుంది, సాయంత్రం ఐదు లోపే చెన్నైలో తిరుగుముఖం పడుతుంది. అంటే మనం కచేరీకి తయారవుతున్న వేళకు మన రైలు వెళ్లిపోయి ఉంటుంది. ఇది తెలియక "పొద్దున పోయి రాత్రికి వచ్చేద్దాం" అని అందరికీ చెప్పేస్తే, చివరి అరగంట పాటంతా చేతి గడియారం చూస్తూ గడపాల్సి వస్తుంది.

మీ ముందున్న దారులు మూడు.

రాత్రి అక్కడే ఉండి మర్నాడు పొద్దున సప్తగిరిలో రావడం మొదటిది. నా ఓటు దీనికే. గది మాత్రం కెథడ్రల్ దగ్గర కాకుండా సెంట్రల్ స్టేషన్, ఎగ్మూరు, పెరియమేడు వైపు తీసుకోండి. కచేరీ అయ్యాక రాత్రిపూట నగరం దాటడం తేలికే. పొద్దున ఐదున్నరకు పిల్లల్ని, పెద్దల్ని లేపి నగరం దాటించడం కష్టం. గది అడిగేటప్పుడు అద్దె ఇరవైనాలుగు గంటల లెక్కనా, మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు లెక్కనా అని కనుక్కోండి. మీరు మధ్యాహ్నం దిగి తెల్లవారుజామున ఖాళీ చేస్తారు కాబట్టి ఏ లెక్కయినా ఒక్క రోజే కావాలి, రెండు రోజులు కాకూడదు.

రెండోది రాత్రి బస్సు. తిరుపతి బస్సులకు చెన్నైలో ఇప్పుడు ప్రధానమైన చోటు మాధవరం టెర్మినల్. అది నగరానికి ఉత్తరాన ఉంది, కెథడ్రల్ నుంచి చేరడానికే చాలా సేపు పడుతుంది. కాబట్టి కచేరీ ముగిసే వేళకూ బస్సు వేళకూ కనీసం గంటన్నర తేడా పెట్టుకోండి. టికెట్టు మీద ఎక్కే చోటు ఏమని ఉందో రెండుసార్లు చదవండి. శుక్ర, శనివారం రాత్రుల్లో చెన్నై నుంచి తిరుపతికి వచ్చే బస్సులు భక్తులతో నిండిపోతాయి. వైకుంఠ ఏకాదశి దగ్గర పడితే మరీను. మనం మన ఊరికి తిరిగి రావడానికి ఆ రద్దీతోనే పోటీ పడాలి. అందుకే శనివారం కచేరీకి బస్సులో తిరిగి రావాలనుకుంటే సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. అప్పటికప్పుడు దొరుకుతుందిలే అనుకోవద్దు.

మూడోది సొంత బండి, లేదా అద్దెకు టెంపో ట్రావెలర్. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా దారి. పది పన్నెండు మంది ఉంటే మనిషికి పడే ఖర్చు అందుబాటులోకి వస్తుంది. అద్దె బండికి తమిళనాడు పర్మిట్టు ఉందో లేదో, ఆ పన్ను ఎవరు కట్టాలో అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి. డ్రైవరు గురించి ఇంకోమాట: మధ్యాహ్నం మిమ్మల్ని దించాక అతను నాలుగు గంటలు నిద్రపోవాలి. పగలంతా చెన్నైలో అతన్ని షాపింగుకు తిప్పి, రాత్రి పదికి మళ్లీ స్టీరింగు దగ్గర కూర్చోబెట్టడం అందరి ప్రాణాలతో ఆడుకోవడమే.

చిత్తూరు వాళ్లకు ఈ విషయంలో మనకంటే వెసులుబాటు ఎక్కువ. కాట్పాడి జంక్షన్ దగ్గర్లోనే ఉంది, రాత్రి సెంట్రల్‌లో బయలుదేరి బెంగుళూరు వైపు, కోయంబత్తూరు వైపు వెళ్లే రైళ్లు కాట్పాడిలో ఆగుతాయి. పదకొండు లోపు బయలుదేరే బెంగుళూరు మెయిల్ కచేరీ వాళ్లకు బాగా కుదురుతుంది. అర్ధరాత్రి దాటాక కాట్పాడిలో దిగి చిత్తూరు చేరడానికి బండి మాట్లాడి పెట్టుకుంటే సరి. జట్టులో తిరుపతి, చిత్తూరు వాళ్లు కలిసి ఉంటే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అందరూ ఒకే రైల్లో ఉండాలన్న పట్టుదల వద్దు. కెథడ్రల్ గేటు దగ్గర కలుసుకోండి, అక్కడే విడిపోండి.

అది కచేరీయా, ఆరాధనా?

పోస్టరు మీద "కేరల్స్" (క్రిస్మస్ పాటలు) అని కనబడగానే టికెట్ల కోసం వెతకడం మొదలుపెడతారు. ముందు అదేమిటో తెలుసుకోండి. తొమ్మిది బైబిలు పఠనాలు, వాటి మధ్య కేరల్స్ ఉండే కార్యక్రమం ఆరాధన. 1880లో ఇంగ్లండులోని ట్రూరోలో మొదలై, 1918 నుంచి కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ చాపెల్ వల్ల లోకమంతా పాకిన పద్ధతి ఇది. దానికి టికెట్టు ఉండదు, చప్పట్లూ ఉండవు. కొన్ని పాటలు సభ మొత్తం లేచి పాడుతుంది, మీరూ పాడొచ్చు. ఎవరు ముందొస్తే వాళ్లకు చోటు. కచేరీ అయితే టికెట్టో, డోనర్ పాసో, ఆహ్వాన పత్రమో ఉంటుంది. రెండూ వినదగ్గవే. ఆరాధనకు కావలసింది ముందుగా చేరుకోవడం, కచేరీకి కావలసింది ముందుగా కొనుక్కోవడం.

ఏ కెథడ్రలో కూడా సరిగ్గా రాసుకోండి. చెన్నైలో రెండు పెద్దవి ఉన్నాయి, ఆటోవాళ్లతో సహా చాలామంది తికమకపడతారు. జెమినీ ఫ్లైఓవర్ దగ్గర, కెథడ్రల్ రోడ్డు మొదట్లో ఉన్నది సెయింట్ జార్జ్ కెథడ్రల్. 1815లో కట్టిన తెల్లని భవనం, లోపల వరుసగా పెద్ద స్తంభాలు. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947 సెప్టెంబరు 27న ఆవిర్భవించింది ఇక్కడే. మన సీఎస్ఐ చర్చిల వాళ్లకు ఆ లెక్కన అది పుట్టిల్లు. రెండోది సముద్రం పక్కన శాంథోమ్ బసిలికా. పోర్చుగీసు వాళ్లు కట్టిన పాత చర్చి స్థానంలో 1896లో పూర్తయిన గోథిక్ పద్ధతి కట్టడం, అపొస్తలుడైన తోమా సమాధి మీద ఉందని నమ్మిక. ఒకదానికి వెళ్లాల్సినవాళ్లు రెండోదానికి వెళ్తే సాయంత్రపు ట్రాఫిక్కులో మొదటి భాగం పోయినట్టే.

జట్టు, డబ్బు

ఆరుగురి నుంచి పన్నెండు మంది దాకా జట్టు హాయిగా నడుస్తుంది. ఇద్దరికి బాధ్యత అప్పగించండి. ఒకరు టికెట్లు, రైలు చూసేవాళ్లు. రెండోవాళ్లు లెక్కలు. రెండు పనులూ ఒకరి మీద పెడితే ఆ ఒక్కరు కచేరీ వినలేరు, ఫోన్లు ఎత్తుతూనే ఉంటారు.

వాట్సాప్ గ్రూపులో "ఎవరెవరు వస్తున్నారు?" అని అడిగితే అందరూ బొటనవేలు పెడతారు. బొటనవేళ్లను నమ్మి టికెట్లు కొనకండి. మొదటి సందేశమే ఇలా ఉండాలి:

"శనివారం సాయంత్రం కచేరీ. వెళ్లేది పొద్దున పది దాటాక తిరుపతిలో బయలుదేరే చెన్నై రైల్లో. రాత్రి సెంట్రల్ దగ్గర గది. ఆదివారం పొద్దున సప్తగిరిలో తిరుగు. కచేరీ, రైలు, గది కలిపి మనిషికి ఇంత. బుధవారం రాత్రి ఎనిమిది లోపు డబ్బు పంపినవాళ్ల పేర్లే రాస్తాం. తర్వాత రాలేకపోతే రైలు డబ్బులో కోత పోగా మిగిలింది ఇస్తాం. కచేరీ డబ్బు మాత్రం మీ చోటికి మరొకరు దొరికితేనే."

"అక్కా, నా పేరు రాసేయ్, డబ్బు తర్వాత ఇస్తాలే" అనే తమ్ముడు ప్రతి జట్టులో ఉంటాడు. "డబ్బు రాగానే రాస్తా తమ్ముడూ" అని నవ్వుతూ చెప్పండి. ఇది కాఠిన్యం కాదు. ముందే కట్టిన మిగతావాళ్ల పట్ల న్యాయం. చదువుకునే పిల్లలకు చేతిలో డబ్బు లేకపోతే పెద్దవాళ్లెవరైనా పెట్టుకోవచ్చు, కానీ ఆ సంగతి టికెట్లు కొనకముందే తేలాలి.

కచేరీ టికెట్లు

కొనేముందు నిర్వాహకులకు ఒక్క ఫోను చేయండి. అడగాల్సినవి: సీటుకు నంబరుందా, లేక విభాగం మాత్రమేనా? తలుపులు ఎన్నింటికి తెరుస్తారు? విరామం ఉందా, మొత్తం ఎంతసేపు? ఎన్నేళ్ల పిల్లల్ని రానిస్తారు? చక్రాల కుర్చీకి దారి ఉందా? అన్నిటికంటే ముఖ్యం, ఆ టికెట్టు నుంచి పాడేవాళ్లు కనిపిస్తారా?

ఈ చివరి ప్రశ్న సినిమా హాల్లో రాదు, కెథడ్రల్లో తప్పకుండా వస్తుంది. స్తంభం వెనక సీటు పడితే సాయంత్రమంతా సున్నం పూసిన గుండ్రటి గోడను చూస్తూ కూర్చోవాలి. చూపు సంగతి అలా ఉంచితే, అక్కడ మాటలు కూడా మసకగా వినిపిస్తాయి. రాతి కట్టడంలో స్వరం ఆగిపోయాక కూడా కొన్ని క్షణాలు మోగుతూనే ఉంటుంది. లండన్ సెయింట్ పాల్స్ లాంటి మహా కట్టడంలో ఆ మోత పది సెకన్ల దాకా సాగుతుంది. మనవి అంత పెద్దవి కావు, అయినా హాలుకూ వీటికీ తేడా మొదటి పాటలోనే తెలిసిపోతుంది. క్వయర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం సరిపాళ్లలో కలిసే చోటు కావాలి. నడి దారికి ఆనుకుని, ముందు నుంచి మూడో వంతు లోపల కూర్చోండి. మొదటి వరుసకు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. అక్కడ ఒక్కొక్క గొంతు విడివిడిగా వినిపిస్తుంది. గొంతులన్నీ కలిసి కట్టడాన్నే పాడించే ఆ అనుభవానికి నాలుగడుగులు వెనక్కి ఉండాలి.

అందరి టికెట్లూ ఒకే సారి, ఒకే ఖాతా నుంచి కొంటేనే పక్కపక్కన వస్తాయి. కొన్నాక ఎవరి టికెట్టు వాళ్లకు విడిగా పంపండి, లేకపోతే ఆలస్యమైన ఒక్కరి కోసం టికెట్లున్న ఫోనుతో సహా మీరూ గేటు దగ్గరే నిలబడాలి. క్యూఆర్ కోడున్న స్క్రీన్‌షాట్‌ను బహిరంగంగా పెట్టకండి. అది ఒక్కసారే పనిచేస్తుంది, ముందు ఎవరు చూపిస్తే వాళ్లదే. అదే కారణంగా తెలియనివాళ్ల దగ్గర "మిగిలిన టికెట్టు" కొనవద్దు.

రైలు టికెట్లు

కచేరీ తేదీ ఖాయమైన రోజే రైలు కూడా చూడండి. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, అంతకుముందులా 120 రోజులు కాదు. డిసెంబరు మూడో వారం ప్రయాణానికి అక్టోబరు మూడో వారంలోనే కూర్చోవాలి. రైళ్ల వేళలు మారుతుంటాయి, కొనే రోజున ఐఆర్‌సీటీసీలో మళ్లీ చూసుకోండి.

ఒక పీఎన్ఆర్‌లో ఆరుగురికే చోటు, తత్కాల్‌లో నలుగురికే. పదకొండు మంది ఉంటే ఆరు, ఐదుగా విడదీయండి. ఒక్కో పీఎన్ఆర్‌లో ప్రయాణం అలవాటున్నవాళ్లు, తమిళం వచ్చినవాళ్లు కనీసం ఒకరుండేలా చూడండి. తత్కాల్ ముందురోజు పొద్దున ఏసీకి 10 గంటలకు, మిగతా తరగతులకు 11 గంటలకు తెరుచుకుంటుంది. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ జరిగిన ఖాతా తప్పనిసరి. ఆ పని ఇప్పుడే చేసి పెట్టుకోండి, అవసరమైన రోజు పొద్దున తొమ్మిదిన్నరకు కాదు.

స్నేహితుల జట్టుకు ప్రత్యేకంగా తెలియాల్సింది ఒకటుంది. రైలు టికెట్టు మీద పేరు మార్చుకునే వీలు మామూలుగా తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు లాంటి కుటుంబ సభ్యుల మధ్యే ఉంది. స్నేహితుడి టికెట్టు మీద స్నేహితుడు వెళ్లకూడదు. ఒకరు మానుకుంటే ఆ టికెట్టు రద్దు చేసి కొత్తది కొనాల్సిందే. అందుకే అనుమానం ఉన్నవాళ్ల చేత ముందుగా చెప్పించండి, ఎంత ముందు రద్దు చేస్తే కోత అంత తక్కువ. ఇంకోటి: మీ సొంత ఖాతా నుంచి పదిమందికి టికెట్లు తీసి, ఛార్జీ మీద అదనంగా తీసుకోకూడదు. అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేయడం రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరం. లెక్కలవాళ్లు రైలు ఖర్చు పైసాతో సహా అలాగే రాయాలి.

రిజర్వేషను దొరక్కపోతే వెళ్లేటప్పుడు అరక్కోణం దాకా ఏదో ఒక రైలు, అక్కడి నుంచి చెన్నైకి లోకల్. పుత్తూరు, నగరి వాళ్లకు ఇది అలవాటే.

చెన్నైలో దిగాక

సెంట్రల్ నుంచి సెయింట్ జార్జ్‌కు మెట్రో మేలు. విమానాశ్రయం వైపు వెళ్లే నీలి రంగు మార్గంలో ఎక్కి థౌజండ్ లైట్స్ లేదా ఏజీ-డీఎంఎస్‌లో దిగితే కెథడ్రల్ నడిచే దూరంలోనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అక్కడి నుంచి ఆటో. శాంథోమ్‌కైతే సెంట్రల్ ఎదురుగా ఉన్న పార్క్ టౌన్ స్టేషన్లో ఎంఆర్‌టీఎస్ రైలెక్కి లైట్‌హౌస్‌లో దిగి ఆటో తీసుకోండి.

సామాను గదిలో వదిలేయండి. చర్చి బల్లల మధ్య సందు సన్నం. హాండెల్ బృందగాన కృతి 'మెస్సయ్య' 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదటిసారి వినిపించినప్పుడు, ఎక్కువ మందికి చోటు దొరకాలని ఆడవాళ్లను గౌన్ల కింద వలయాలు లేకుండా, మగవాళ్లను కత్తులు లేకుండా రమ్మని నిర్వాహకులు ముందే కోరారు. ఇప్పుడు ఆ వలయాల స్థానంలో మన బ్యాక్‌ప్యాకులు ఉన్నాయి. నీళ్ల సీసా, మందులు, పలుచని శాలువా పట్టే చిన్న సంచి చాలు. పులిహోర, పెరుగన్నం తెచ్చుకున్నా నాలుగున్నరకల్లా గదిలోనే తినేయండి. కెథడ్రల్ లోపల పొట్లాలు విప్పడం బాగుండదు. కచేరీ అయ్యేసరికి చాలా హోటళ్లలో వంట సర్దేస్తుంటారు.

తలుపులు తెరవడానికి అరగంట ముందు గేటు దగ్గర ఉండండి. సీటుకు నంబరు లేకపోతే గంట ముందు. లోపల అడుగుపెట్టాక గొంతు తగ్గించాలి. అది వేదిక కావచ్చు, అంతకంటే ముందు ప్రార్థన స్థలం. మన గుళ్లో మనం ఎదుటివాళ్ల నుంచి ఏ మర్యాద కోరుకుంటామో అదే అక్కడ మనం ఇవ్వాలి.

వినడానికి సిద్ధపడటం

రైల్లో మూడు గంటలకు పైగా ఉంటారు. ఆ సమయం వృథా చేయకండి. వినబోయే కృతుల పేర్లు నిర్వాహకుల దగ్గర ముందే తెలుసుకుంటే దారిలో ఒకసారి వినొచ్చు. 'మెస్సయ్య' అయితే మనకు ఇంకా సులువు. అందులోని మాటలన్నీ బైబిలు వచనాలే. తెలుగు బైబిల్లో యెషయా 9, 40, 53 అధ్యాయాలు, యోబు 19, ప్రకటన గ్రంథం 5, 11, 19 అధ్యాయాలు ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వింటే, సాయంత్రం ఇంగ్లీషు మాటలు సగమే అందినా భావం పూర్తిగా అందుతుంది. క్రైస్తవులు కాని స్నేహితులు కూడా ఇలా విన్నాక పాటను పట్టుకోవడం చూశాను.

హల్లెలూయా బృందగానానికి అందరూ లేచి నిలబడతారు. రెండో జార్జి రాజు లేచాడని, అందుకే ఆ ఆచారమని చెబుతారు కానీ దానికి గట్టి ఆధారం లేదు. నిలబడండి, బాగుంటుంది. కానీ అది ముగింపు అనుకుని సంచులు సర్దకండి. అది రెండో భాగం చివర. మూడో భాగం మొదట్లోనే యోబు మాటలతో ఒక స్త్రీ గొంతు ఒంటరిగా పాడుతుంది. బస్సుకు ఆలస్యమవుతుందని ఆ పాట వదులుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తిరుగు ప్రయాణం ముందు తేల్చమన్నది ఇందుకే.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియకపోతే, నడిపించే కండక్టరు చేతులు కిందికి దించేదాకా ఆగండి. ఆఖరి స్వరం పైకప్పు దగ్గర ఇంకా మోగుతూ ఉంటుంది, అది కూడా మీరు కొన్న కచేరీలో భాగమే.

వాన

నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు, తుపానులు ఉంటాయి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపానుకు చెన్నై మునిగి రైళ్లు ఆగిపోయాయి. కాబట్టి నాలుగు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. రెండు రోజుల ముందు రాత్రి వెళ్లాలా వద్దా అని ఆ ఇద్దరు బాధ్యులు తేల్చి చెప్పాలి, గ్రూపులో ఓటింగు పెట్టకూడదు. రైల్వేయే రైలు రద్దు చేస్తే డబ్బు పూర్తిగా వస్తుంది, మీరు ముందే భయపడి రద్దు చేస్తే కోత పడుతుంది. కచేరీ వాయిదా పడితే పాత టికెట్టు చెల్లుతుందా అని ఆ మొదటి ఫోనులోనే అడిగి ఉంచండి.

కచేరీ అయ్యాక

గేటు బయట ఒక గుర్తు ముందే చెప్పుకోండి, జనం ఒక్కసారిగా వస్తారు కాబట్టి ఫోన్లు వినిపించవు. తలలు లెక్కపెట్టుకుని మెట్రో వైపు నడవండి. రాత్రి పదిన్నర దాకా రైళ్లకు ఇబ్బంది ఉండదు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్న జట్టు చివరి మనిషి గది చేరేదాకా కలిసే ఉండాలి. పొద్దున ఐదింటికి అలారం ఇద్దరు పెట్టుకోండి, గదుల బిల్లు రాత్రే కట్టేయండి. సప్తగిరి తిరుత్తణి దాటాక లెక్కలవాళ్లు పుస్తకం తెరిచి, ఎవరికి ఎంత తిరిగి రావాలో రేణిగుంట లోపు అందరి ఫోన్లకూ పంపేయాలి.